మ్యూజియానికి యాప్ ఉంటే సరిపోదు, చెప్పే మనిషి కావాలి

ఈ వారం ఫోన్ రివ్యూ లేదు. రెండు ఫోన్లు టేబుల్ మీదే ఉన్నాయి, ఒకదానికి సీల్ కూడా తీయలేదు. వాటి సంగతి వచ్చే వారం చూద్దాం. ఈసారి ఒక బస్సు ప్రయాణం గురించి, ఒక సైకిల్ గురించి రాయాలనిపించింది. గ్యాడ్జెట్ సైట్లో సైకిల్ ఏంటని అడక్కండి, చివరికి మళ్లీ ఫోన్ల దగ్గరికే వస్తాను.

మాది రెడ్డిగూడెం. మామిడి తోటల మధ్య ఊరు. మైలవరం, తిరువూరు, నూజివీడు అన్నీ దగ్గరే, కానీ సైన్స్ మ్యూజియం అనేది ఒక్కటీ దగ్గర్లో లేదు. మా మేనకోడలు ఎనిమిదో తరగతి. వాళ్ల స్కూల్ పిల్లల్ని ఒక సైన్స్ మ్యూజియం చూపించడానికి తీసుకెళ్తుంటే, తోడుగా పెద్దవాళ్లు కావాలన్నారు. ల్యాప్‌టాప్ ముందు కూర్చునే మనిషిని కదా, ఖాళీగా ఉంటాననుకుని నన్నే పట్టుకున్నారు. తెల్లవారుజామున మూడింటికి బస్సు. పులిహోర పొట్లాలు, వాంతులకి కవర్లు, వెనక సీట్లో అంత్యాక్షరి. పిల్లల ట్రిప్ అంటే ఎలా ఉంటుందో మీకు తెలిసిందే.

మ్యూజియం పేరు రాయను. ఎందుకంటే నేను చెప్పబోయేది ఆ ఒక్కచోటి సమస్య కాదు, ఇలాంటివి చాలా చోట్ల చూశాను.

గేటు దగ్గరే పెద్ద బోర్డు: గైడ్ కోసం యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, ప్రతి ఎగ్జిబిట్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. సంబరపడ్డాను, మన సబ్జెక్టే కదా! నా దగ్గర మూడు ఫోన్లు ఉన్నాయి, మూడింట్లోనూ వేసి చూశాను. యాప్ సైజు మూడొందల ఎంబీ దాకా. లోపలికి వెళ్లాక మందపాటి గోడలు, సిగ్నల్ ఒక గీత. ఎగ్జిబిట్ ముందు నిలబడి స్కాన్ చేస్తే చక్రం తిరుగుతూనే ఉంది. తెరుచుకున్న చోట తెలుగు వాయిస్ వచ్చింది గానీ అది కంప్యూటర్ గొంతు. గోడ మీద బోర్డులో ఏముందో అదే చదువుతోంది. పైగా లొకేషన్ పర్మిషన్, కాంటాక్టుల పర్మిషన్ అడిగింది. లోలకం గురించి చెప్పడానికి నా కాంటాక్టులు దేనికి?

ఇవన్నీ రేపు అప్‌డేట్‌లో సరిచేయొచ్చు. సరికానిది ఇంకొకటి ఉంది. నాతో వచ్చిన యాభై చిల్లర పిల్లల్లో ఒక్కరి దగ్గర కూడా ఫోన్ లేదు. పదమూడేళ్ల పిల్లలు, స్కూల్ ట్రిప్, ఫోన్ తేవద్దన్నారు, అది సరైనదే. మరి ఆ యాప్ ఎవరి కోసం? సైన్స్ మ్యూజియానికి ఎక్కువగా వచ్చేది స్కూల్ పిల్లలే. వాళ్ల చేతిలో లేని వస్తువు మీద గైడ్ మొత్తాన్ని పెట్టేస్తే, గైడ్ లేనట్టే.

మనిషి గైడ్ కూడా ఒకాయన ఉన్నారులెండి. మైకు పట్టుకుని యాభై మందినీ నలభై నిమిషాల్లో మూడు హాళ్లు తిప్పారు. తప్పు ఆయనది కాదు, వెనక ఇంకో రెండు స్కూళ్లు లైన్లో ఉన్నాయి. ముందున్న పదిమందికి వినపడింది. మిగతావాళ్లు బటన్లు నొక్కుకుంటూ, పొట్టిగా లావుగా చూపించే అద్దాల దగ్గర నవ్వుకుంటూ గడిపారు. తిరుగు ప్రయాణంలో మా మేనకోడల్ని ఏం చూశావే అని అడిగితే, "బటన్లు మామయ్యా" అంది. "ఏ బటన్లు?" "అన్నీ."

అయితే ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

సైకిల్ దగ్గర

ఒక మూల కదలకుండా బిగించిన సైకిల్ ఉంది. తొక్కితే జనరేటర్ తిరిగి బల్బు వెలుగుతుంది. మీరూ చూసే ఉంటారు, దాదాపు ప్రతి సైన్స్ మ్యూజియంలో ఉంటుంది. బోర్డు మీద యాంత్రిక శక్తి విద్యుత్ శక్తిగా మారుతుంది అని రాసి ఉంది. పిల్లలు ఎక్కుతున్నారు, తొక్కుతున్నారు, బల్బు వెలగ్గానే దిగిపోతున్నారు.

పక్కన స్టూల్ మీద ఒక అటెండర్ కూర్చుని ఉన్నాడు. గైడ్ కాదు, వస్తువులు పాడుచేయకుండా చూసే మనిషి. మా పిల్ల తొక్కుతుంటే లేచి వచ్చి, ఏమీ చెప్పకుండా పక్కనున్న స్విచ్ వేశాడు. రెండో బల్బు వెలిగింది. మూడోది కూడా వేశాడు. "ఇప్పుడు తొక్కమ్మా" అన్నాడు. పెడల్ ఒక్కసారిగా బరువెక్కింది. ఎదురుగాలిలో తొక్కుతున్నట్టు పిల్ల ముందుకి వంగిపోయింది. మూడు స్విచ్చులూ ఆపేశాడు. పెడల్ గిర్రున తిరిగింది. "ఏమైంది?" అని అడిగాడు. పిల్ల చెప్పలేకపోయింది. ఆయన కూడా చెప్పలేదు, నవ్వి వెళ్లి స్టూల్ మీద కూర్చున్నాడు.

అంతా కలిపి ఒక నిమిషం.

తిరిగి వస్తుంటే ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనపడ్డాయి. మనం వీటీపీఎస్ అంటాం, అసలు పేరు నార్ల తాతారావు థర్మల్ పవర్ స్టేషన్. మొదటి యూనిట్ 1979లో మొదలైంది. మా ఇళ్లల్లో అందరూ చిన్నప్పటి నుంచి ఆ గొట్టాలు చూస్తూ పెరిగినవాళ్లమే. పిల్ల కిటికీలోంచి అటు చూస్తూ అడిగింది: "మామయ్యా, మన ఇంట్లో ఫ్యాన్ ఆపితే అక్కడ ఎవరికైనా తొక్కడం తేలికవుతుందా?"

నేను పదేళ్లుగా గ్యాడ్జెట్ల గురించి రాస్తున్నాను. ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

సమాధానం: అవును, అవుతుంది. అక్కడ తొక్కేది ఆవిరి. ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది, టర్బైన్ జనరేటర్‌ని తిప్పుతుంది, నిమిషానికి 3000 చుట్లు. అందుకే మన కరెంటు సెకనుకి 50 సార్లు దిశ మారి తిరిగొస్తుంది, 50 హెర్ట్జ్ అనేది అదే. ఊళ్లన్నీ ఒకేసారి మోటార్లు వేస్తే, సైకిల్ బరువెక్కినట్టే టర్బైన్ మీద బరువు పడుతుంది, వేగం కొద్దిగా తగ్గబోతుంది. వెంటనే గవర్నర్ అనే యంత్రాంగం ఆవిరి వాల్వు ఇంకాస్త తెరుస్తుంది. లోడ్ తగ్గితే వాల్వు మూసుకుంటుంది. ఒక్క ఫ్యాన్ ఆపితే తేడా తెలియదు. 210 మెగావాట్ల యూనిట్ ఒక్కటి 75 వాట్ల ఫ్యాన్లు 28 లక్షలు తిప్పగలదు. అందులో మనది ఒకటి. కానీ తేడా అయితే ఉంది.

బోర్డు మీద ఉన్న వాక్యం కూడా ఇదే చెబుతోంది, యాప్‌లోని కంప్యూటర్ గొంతు కూడా ఇదే చెప్పింది. రెండూ ఆ పిల్ల దగ్గరికి చేరలేదు. స్విచ్ వేసిన మనిషి చేర్చాడు.

ఆ తర్వాత నేనూ ఆ సైకిల్ గురించి ఆలోచించాను. 67 వాట్ల చార్జర్, 120 వాట్ల చార్జర్ అని రివ్యూల్లో రాసేస్తుంటాం కదా. అసలు 67 వాట్లంటే ఎంతో నా కాళ్లకి తెలియదు. మామూలు మనిషి నిలకడగా తొక్కితే వచ్చేది 100 వాట్లు అటూ ఇటూ. అంటే 67 వాట్ల చార్జర్ పూర్తి వేగంతో నడవాలంటే ఒక మనిషి చెమట పట్టేలా తొక్కుతూనే ఉండాలి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది దాదాపు 19 వాట్-అవర్లు. నష్టాలు పక్కన పెడితే 60 వాట్ల చొప్పున ఇరవై నిమిషాలు తొక్కితే ఫోన్ నిండుతుంది. మనం రోజంతా రీల్స్ చూసేది ఆ ఇరవై నిమిషాల తొక్కుడు మీదే. ఈ లెక్క ఏ మ్యూజియంలోనైనా ఆ సైకిల్ పక్కన రాసి పెడితే పిల్లలు దిగకుండా పోటీలు పడతారు.

కొత్త సంగతేమీ కాదు

మ్యూజియంలో చెప్పే మనిషి ముఖ్యం అని నేను కనిపెట్టిందేమీ లేదు. జర్మనీలోని మ్యూనిక్‌లో ఆస్కర్ ఫాన్ మిల్లర్ అనే ఇంజినీరు 1903లో డాయిష్ మ్యూజియం మొదలుపెట్టాడు. ఇప్పుడున్న పెద్ద భవనం 1925లో తెరిచారు. చూసేవాళ్లే బటన్ నొక్కి, హ్యాండిల్ తిప్పి యంత్రాన్ని నడిపించాలి అనే పద్ధతికి పేరొచ్చింది అక్కడే. మన మ్యూజియాల్లోని బటన్లన్నీ ఒకరకంగా ఆ ఇంటి వారసులే. కానీ బటన్ నొక్కడం వేరు, అర్థం కావడం వేరు.

ఆ తేడా బాగా పట్టుకున్నవాడు ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. సినిమాలో మీరు చూసిన అణుబాంబు ఓపెన్‌హైమర్‌కి తమ్ముడు, ఆయన కూడా భౌతిక శాస్త్రవేత్తే. 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం తెరిచాడు. అక్కడ మొదటి రోజుల నుంచే హైస్కూల్ పిల్లల్ని జీతం ఇచ్చి 'ఎక్స్‌ప్లెయినర్లు'గా పెట్టుకున్నారు. పెద్ద చదువులు చదివినవాళ్లని కాదు, పదహారు పదిహేడేళ్ల పిల్లల్ని. వచ్చినవాళ్లతో మాట్లాడటం, ఆవు కన్ను కోసి లోపలి లెన్స్ తీసి చూపించడం, ఇదీ వాళ్ల పని. మన ఫోన్ కెమెరా గురించి పది వీడియోలు చూసిన దానికన్నా, ఆ లెన్స్ ఒకసారి చేతిలో పట్టుకుంటే ఎక్కువ తెలుస్తుంది.

మన దేశంలోనూ మొదలుపెట్టినవాళ్లకి ఈ సంగతి తెలుసు. కలకత్తాలో బిర్లా ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియం 1959లో వచ్చింది, బెంగళూరులో విశ్వేశ్వరయ్య మ్యూజియం 1962లో. ఊళ్ల నుంచి పిల్లలందరూ రాలేరని 1965లోనే కలకత్తా వాళ్లు ఎగ్జిబిట్లని బస్సులో పెట్టి పల్లెలకి పంపారు. ఒక్కసారి ఆలోచించండి, టీవీ కూడా లేని ఊళ్లకి ఆ బస్సు వెళ్లింది, దాంతో పాటు చెప్పే మనుషులూ వెళ్లారు.

మన తెలుగువాళ్ల దగ్గరికి వస్తే, హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం 1985లో ఎన్టీ రామారావు ప్రారంభించారు, పక్కనే సైన్స్ మ్యూజియం 1990లో వచ్చింది. తిరుపతిలో రీజనల్ సైన్స్ సెంటర్ 1993లో. రెడ్డిగూడెం నుంచి రెండూ దూరమే, తిరుపతి మరీ దూరం.

హైదరాబాద్ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరం చూశారా? చాలామంది దాని ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు. అది బయటి దేశం నుంచి తెచ్చిన నమూనా అనుకునేవాళ్లు నాకు ఎంతమందో తెలుసు. అది మనదే. కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ దాని పేరు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసిన ఎముకలు. మొత్తం 840 దాకా దొరికాయి, 12 జంతువులవి. శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో ఆ పేరు పెట్టారు. ఊరి పేరే డైనోసార్ పేరులో ఉంది! "ఇది గోదావరి పక్క మన ఊళ్లో తిరిగింది" అని ఒక మనిషి వేలు పెట్టి చూపిస్తే పిల్లల మొహం మారిపోతుంది. ఆ మాట స్క్రీన్ మీద పదో లైన్లో ఉంటే ఎవరికీ కనపడదు.

ఇక నాకు తెలిసినంతలో మన రాష్ట్రంలో అన్నిటికన్నా మంచి గైడెడ్ టూర్ సైన్స్ మ్యూజియంలో లేదు, విశాఖ బీచ్‌లో ఉంది. ఐఎన్ఎస్ కురుసుర. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన జలాంతర్గామి. 2002 నుంచి మ్యూజియం. 91 మీటర్ల పొడవు, లోపల ఇద్దరు ఎదురెదురు వస్తే ఒకరు పక్కకి ఒదగాలి. అక్కడ చూపించేది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. టార్పెడో గొట్టం ముందు నిలబడి ఆ మనిషి మాట్లాడుతుంటే, ఆ ఇరుకు, ఆ వేడి, నెలల తరబడి లోపలే ఉండటం, అన్నీ నమ్మబుద్ధేస్తాయి. డీజిల్ ఇంజన్లు నీళ్ల పైన ఉన్నప్పుడు బ్యాటరీలు చార్జ్ చేస్తాయి, నీళ్ల కింద ఆ బ్యాటరీల మీదే మోటార్లు నడుస్తాయి. అంటే అది కూడా ఒక పెద్ద పవర్ బ్యాంకే! పనిచేసిన మనిషి చెప్పిన మాటకీ రికార్డు చేసిన గొంతుకీ తేడా అక్కడికి వెళ్లినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మరి యాప్‌లు దండగా?

అలా అనను. అంటే ఈ సైట్ మూసుకోవాలి. చెవులు వినపడనివాళ్లకి స్క్రీన్ మీద అక్షరాలు, చూపు లేనివాళ్లకి ఆడియో, తెలుగు రాని టూరిస్టుకి వాళ్ల భాష, ఇవి యాప్ చేయగలిగినట్టు మనిషి చేయలేడు. ఒక్కడే తీరిగ్గా తిరిగే కాలేజీ కుర్రాడికి యాప్ చాలా బాగుంటుంది. పైగా గైడ్లందరూ మంచివాళ్లేం కాదు. రోజుకి ఎనిమిదిసార్లు ఒకటే పాఠం అప్పజెప్పి, ఏదైనా అడిగితే విసుక్కునేవాళ్లూ ఉన్నారు. అలాంటి మనిషికన్నా క్యూఆర్ కోడ్ నయం, కనీసం విసుక్కోదు.

నా గొడవ డబ్బు ఎటు పోతోందన్న దాని మీద. టచ్ స్క్రీన్ కొంటే ప్రారంభోత్సవం ఉంటుంది, ఫోటో ఉంటుంది. చెప్పే కుర్రాడికి నెల జీతం ఇస్తే ఫోటో ఏమీ రాదు. స్క్రీన్ రెండేళ్లకి పాడవుతుంది, మీద ఏ4 పేపర్ అంటించి "పనిచేయుట లేదు" అని రాస్తారు. ఆ పేపర్ చూడని సైన్స్ మ్యూజియం ఉంటే నాకు చెప్పండి, టికెట్ నేనే కొంటాను. దగ్గర్లోని డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చదివే పిల్లలు బోలెడంతమంది ఉన్నారు. శని ఆదివారాలు రోజుకింత అని ఇచ్చి పెట్టుకుంటే, యాభై మందికి ఒక మైకు బదులు పదిహేను మందికి ఒక మనిషి దొరుకుతాడు. ఎనభై ఎగ్జిబిట్లూ చూపించనక్కర్లేదు. నాలుగు చాలు, కానీ ఆ నాలుగింటి దగ్గరా స్విచ్ వేసి "ఇప్పుడు తొక్కు" అనాలి.

వర్క్‌షాప్ అంటే

టూర్ తర్వాత వర్క్‌షాప్ అన్నారు. ఏసీ హాల్లో ముప్పావుగంట పవర్‌పాయింట్, తర్వాత ఒక కిట్. అట్టముక్కలు, మోటారు, బ్యాటరీ. బొమ్మలో చూపించినట్టు అతికిస్తే ఫ్యాన్ తిరుగుతుంది. తిరిగింది. చప్పట్లు కొట్టారు, సర్టిఫికెట్లు ఇచ్చారు. ఎవరిది తిరగలేదో వాళ్లది వాలంటీర్ వచ్చి తీసుకుని సరిచేసి ఇచ్చాడు. అసలు నేర్చుకునేది అక్కడే కదా, తిరగనప్పుడు ఎందుకు తిరగలేదో వెతకడంలో. ఆ భాగం పిల్ల చేతిలోంచి లాగేసుకున్నాం.

దీనికి మందు మన దగ్గరే ఉందనిపించి, ఊరికొచ్చాక రెండు ఆదివారాలు ఒక ప్రయత్నం చేశాను. నా డ్రాయర్‌లో ఎనిమిది పాత ఫోన్లు ఉన్నాయి. స్క్రీన్ పగిలినవి, చార్జింగ్ సరిగా ఎక్కనివి. రివ్యూలు రాసే ప్రతివాడి ఇంట్లో ఇలాంటి శ్మశానం ఒకటి ఉంటుంది. వాటిలో ఫైఫాక్స్ అనే యాప్ వేశాను. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది, 2016 నుంచి ఉంది, ఉచితం, యాడ్స్ లేవు. ఫోన్ లోపలున్న సెన్సర్లు కొలిచే అంకెల్ని నేరుగా చూపిస్తుంది.

మామిడి తోటలో టేపుతో 5 మీటర్లు కొలిచి అటొక ఫోన్ ఇటొక ఫోన్ పెట్టాం. అందులో చప్పుడుకి మొదలై చప్పుడుకి ఆగే స్టాప్‌వాచ్ ఉంటుంది. ఇటువైపు పిల్ల కంచం మీద గరిటెతో కొడుతుంది, దగ్గరి వాచీ వెంటనే, అవతలి వాచీ చప్పుడు చేరాక మొదలవుతాయి. తర్వాత అటువైపు పిల్లాడు కొడతాడు, అప్పుడు అతని వాచీ ముందు ఆగుతుంది, ఇవతలిది చప్పుడు వచ్చాక ఆగుతుంది. రెండు వాచీల తేడా ఎంతో, అది శబ్దం 10 మీటర్లు పోవడానికి పట్టిన సమయం.

మొదటి అరగంట ఏదీ కుదరలేదు. రోడ్డు మీద ట్రాక్టర్ పోతే వాచీ దానంతటదే మొదలైంది. కోడి కూసింది, మళ్లీ మొదలైంది. ఎంత గట్టి చప్పుడుకి కదలాలో సెట్టింగ్‌లో మార్చుకోవాలని పిల్లలే కనుక్కున్నారు. తర్వాత 0.035 వచ్చింది, అంటే సెకనుకి 285 మీటర్లు. ఇంకోసారి 0.026, అంటే 384. "పుస్తకంలో అలా లేదు సార్" అన్నారు. మంచిదే, పదిసార్లు కొట్టండి, సరాసరి తీయండి అన్నాను. 0.029 వచ్చింది. 10ని 0.029తో భాగిస్తే 345. తోటలో ఒక్క కేక!

అప్పుడొకడు అడిగాడు, ఎండ ఎక్కువైతే మారుతుందా అని. మారుతుంది, ఒక్కో డిగ్రీకి సెకనుకి 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. కానీ 5 మీటర్ల దూరంలో అది దొరకదు, ఇంకా దూరం కావాలి, గట్టి చప్పుడు కావాలి. వాళ్లు ఇప్పుడు డిసెంబర్ తెల్లవారుజాము ఒకసారి, మే మధ్యాహ్నం ఒకసారి కొలవాలని ప్లాన్ వేసుకున్నారు. మే దాకా గుర్తుంటుందా అంటే, మామిడికాయల సీజన్ కదా సార్, తోటలోనే ఉంటాం అన్నారు.

రెండో ఆదివారం నా స్నేహితుడొకడిని పిలిచాను, మొబైల్ రిపేర్ షాపు ఉంది వాడికి. పదో తరగతి దగ్గర ఆగిపోయాడు. మైక్రోస్కోప్ కింద బోర్డు చూస్తూ ఏ లైన్లో కరెంటు ఆగిందో మల్టీమీటర్‌తో పట్టేస్తాడు. పిల్లలకి ఫోన్ విప్పి చూపించాడు. వైబ్రేషన్ మోటారు బయటికి తీసి, ఇంతే, ఒక పక్క బరువెక్కువ ఉన్న చక్రం, అందుకే వణుకుతుంది అన్నాడు. దాన్ని టూత్‌బ్రష్ తలకి అతికించి చిన్న బటన్ సెల్ పెడితే బ్రష్ నేల మీద పరిగెత్తింది. టీవీ రిమోట్ నొక్కి సెల్ఫీ కెమెరాలో చూపించాడు, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఊదారంగులో మెరిసింది. ఇంతకన్నా వర్క్‌షాప్ ఏం కావాలి? మ్యూజియాలు రిసోర్స్ పర్సన్ల కోసం వెతుకుతుంటాయి, ప్రతి మండలంలో నాలుగు రిపేర్ షాపులు ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త, ఇది సీరియస్‌గా తీసుకోండి. పాత ఫోన్లు పిల్లలకి ఇచ్చేముందు బ్యాటరీ చూడండి. ఉబ్బి ఉంటే ఆ ఫోన్ అసలు ఇవ్వకండి. విప్పే ఫోన్‌లో బ్యాటరీ పెద్దవాళ్లే ముందుగా తీసేయాలి, వంచకూడదు, సూది గుచ్చకూడదు. లిథియం బ్యాటరీ మంట తేలిగ్గా ఆగేరకం కాదు. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో బటన్ సెల్స్ కూడా చేతికి అందకుండా పెట్టండి, మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఇదంతా పెద్దస్థాయిలో చేస్తున్నవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. కుప్పం దగ్గర గుడుపల్లెలో అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల క్యాంపస్‌లో సైన్స్ వర్క్‌షాపులు నడుపుతోంది, వ్యాన్లలో ల్యాబులు పెట్టి ఊళ్లకి పంపుతోంది. ఆ సంస్థ 1999 నుంచి ఉంది. పిల్లల చేతే తోటి పిల్లలకి ప్రయోగాలు చెప్పించడం వాళ్ల పద్ధతి. శాన్ ఫ్రాన్సిస్కో పద్ధతికి దగ్గర చుట్టమే అది.

ఇంకొకటి. 2022 డిసెంబర్‌లో మన ప్రభుత్వ స్కూళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి కలిపి 5 లక్షలకి పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. అది మంచి ఖర్చా కాదా అనేది వేరే చర్చ, ఆ గొడవలోకి నేను పోను. ఇప్పుడు చాలా ఇళ్లల్లో అవి మూలన పడి ఉన్నాయి. వీడియో పాఠం చూడటానికి ఇచ్చిన వస్తువది. కానీ అడ్డంగా తిప్పితే స్క్రీన్ తిరుగుతుందంటే లోపల యాక్సిలరోమీటర్ ఉన్నట్టే, మైకు ఎలాగూ ఉంది. తాడుకి కట్టి ఊపితే లోలకం కొలవొచ్చు, రెండు పెడితే మా తోటలో చేసిన శబ్దం ప్రయోగం చేయొచ్చు. చెప్పే మనిషి ఉంటే అదే ట్యాబ్ ల్యాబ్ అవుతుంది.

ఇక ఫోన్ల దగ్గరికి. తోటలో ఎనిమిది ఫోన్లు పెట్టినప్పుడు నాకే సిగ్గనిపించిన విషయం ఒకటుంది. వాటిలో మూడింట్లో దిక్సూచి సెన్సర్ లేదు, నాలుగింట్లో అసలు గైరోస్కోప్ లేదు. గాలి పీడనం కొలిచే బేరోమీటర్ ఒక్కదాంట్లోనే ఉంది, అదీ ఖరీదైన ఫోన్. పది వేల లోపు ఫోన్లలో ఖర్చు తగ్గించడానికి కంపెనీలు ముందు తీసేసేవి ఇవే, స్పెక్ షీట్‌లో చిన్నక్షరాల్లో ఉంటాయి. ఆ ఫోన్లన్నిటికీ రివ్యూ రాసింది నేనే. ఒక్కదాంట్లో కూడా ఈ సంగతి రాయలేదు. కెమెరా మెగాపిక్సెళ్లు, గేమ్‌లో ఫ్రేమ్ రేటు, చార్జింగ్ నిమిషాలు, ఇవే రాశాను.

వచ్చే వారం నుంచి ప్రతి ఫోన్ రివ్యూలో ఒక లైన్ అదనంగా ఉంటుంది: ఏయే సెన్సర్లు ఉన్నాయి, ఫైఫాక్స్‌లో ఏవి పనిచేశాయి, ఏవి చేయలేదు. టేబుల్ మీదున్న రెండు ఫోన్లతోనే మొదలుపెడతాను. మా మేనకోడలు అప్పుడే ఒకదాని సీల్ తీయడానికి గోళ్లతో గీకుతోంది.